శ్రీశైలమ్మ మోసిన గ్రహణం నింద

ఎమ్మిగనూరు మగ్గాల వీధుల్లో శ్రీశైలమ్మను రెండు సందర్భాల్లో తలుచుకుంటారు. మగ్గం మీద పాత పడుగు అయిపోయి కొత్తది ఎక్కించాలంటే పాత పోగు కొసకు కొత్త పోగు కొసను ఒక్కొక్కటే మెలిపెట్టి కలపాలి. దాన్ని అచ్చు అతకడం అంటారు. రెండు వేల పైచిలుకు పోగులు. వేళ్ళకు కాస్త బూడిద అద్దుకుని కూర్చుందంటే శ్రీశైలమ్మ పొద్దువాలేలోగా ముగించి లేచేది. ఒక్క అతుకు ఊడితే ఒట్టు. అది మొదటి సందర్భం.

రెండోది గ్రహణం. వీధిలో ఏ పిల్ల నీళ్ళోసుకుని ఉన్నా, ఆ నెలల్లో గ్రహణం ఉందని తెలిస్తే చాలు, "కదలకుండా పండుకో తల్లీ, శ్రీశైలమ్మ సేసిన పని సెయ్యొద్దు" అంటారు. ఆవిడ ఎదురుగా ఉన్నా అంటారు. తిట్టినట్టు కాదు, జాలిగానే అంటారు. ఇరవై ఆరేళ్ళుగా ఆ జాలిని మింగుతూ బతికింది పాపం.

ఇంతకీ ఆవిడ చేసిన ఘోరం ఏమిటయ్యా అంటే, అయిదో నెల కడుపుతో ఉన్నప్పుడు, ఓ ఆగస్టు సాయంత్రం సూర్యగ్రహణం పట్టిన తర్వాత పళ్ళతో పోగు కొరికిందట. చూసింది ఎవరు? అత్త ఉచ్చీరమ్మ. కొరికానో లేదో శ్రీశైలమ్మకే గుర్తు లేదు. అచ్చు అతికేవాళ్ళు రోజుకు వంద సార్లు పోగు కొరుకుతారు, చెయ్యి చేసే పని మనసుకు తెలుస్తుందా? చలికాలంలో కొడుకు పుట్టాడు. పై పెదవి ముక్కు దాకా చీలి ఉంది. "గ్రహణం పూట పోగు కొరికింది, నా మనవని మొగం కొరికింది" అని ఉచ్చీరమ్మ పురిటి గది గుమ్మంలోనే అనేసింది. మన వైపు దాని పేరే గ్రహణం మొర్రి. పేరులోనే తీర్పు రాసి పెట్టి ఉంటే ఇక సాక్ష్యం ఎవడికి కావాలి?

మొగుడు సిద్ధప్ప మంచివాడు. తాగడు, అరవడు, మగ్గం గుంటలో కూర్చుంటే లోకం అక్కర్లేదు. తల్లి ఎన్ని మాటలన్నా ఆయన ఒకటే మాట అనేవాడు: "పోనీలే మే, మాయమ్మ నోరు అంతే గదా." ఆ 'పోనీలే' మీదే శ్రీశైలమ్మ కాపురం చేసింది. బిడ్డను చంకనేసుకుని మూడు ఆపరేషన్లకు ఊళ్ళు తిరిగింది. ఆ బిడ్డే ఈరేష్. ఇప్పుడు ఆదోనిలో సెల్‌ఫోన్లు రిపేరు చేస్తాడు. పెదవి మీది మచ్చ కనపడకుండా మీసం దట్టంగా పెంచుకున్నాడు.

మగ్గాలు తగ్గి, అచ్చు అతకమని పిలిచేవాళ్ళు కరువయ్యాక శ్రీశైలమ్మ కూడా రోజూ ఆదోని బస్సెక్కడం మొదలుపెట్టింది. మొర్రి పిల్లలకు ఉచితంగా ఆపరేషన్లు చేయించే ఓ ట్రస్టు వాళ్ళు ఊరి బయట చిన్న పరిశోధన కేంద్రం కట్టారు. అందులో ఆయా పని. గదులు ఊడ్చడం, గాజు గిన్నెలు కడగడం, కప్పల తొట్లలో నీళ్ళు మార్చడం.

అవును, కప్పలే. వానకు బెకబెకమనే మన చేను కప్పలు కావు. ఆఫ్రికా నుంచి వచ్చిన జాతి, కాళ్ళకు గోళ్ళుంటాయి, బతుకంతా నీళ్ళలోనే. వాటిని పెంచేది చందన. ఆలూరు పిల్ల, ముప్పై రెండేళ్ళుంటాయి, బెంగళూరులో డాక్టరేటు చేసి వచ్చింది. మొదటి రోజు శ్రీశైలమ్మ ముక్కు మూసుకుని, "ఈ కప్పల్ని యాల సాకుతాండారు మేడం, తింటారా ఏంది?" అని అడిగింది. చందన పడీపడీ నవ్వింది.

తర్వాత కూర్చోబెట్టి చెప్పింది. "ఒళ్ళు ఎట్ల తయారు గావల్లో కణం లోపల రాసి ఉంటాది అక్కా. ఒక్కో రాతను జన్యువు అంటారు. ఏ రాత ఏ పని సేస్తాదో తెల్సుకోవల్లంటే, కప్ప గుడ్డులోకి సన్న కత్తెర లాంటి మందు పంపిస్తాం. అది నేరుగా ఆ రాత కాడికే పోయి దాన్నే కత్తిరిస్తాది. కణం మల్లా అతుక్కుంటాది గానీ అతుకు తప్పు పడి రాత చెడిపోతాది. అప్పుడు పిల్లలో ఏం లోపం వచ్చిందో సూస్తాం."

శ్రీశైలమ్మ ఒక్క క్షణం ఆలోచించి, "అంటే పడుగులో ఒక పోగు తెంపి, బట్టలో యాడ లోపం వస్తాదో సూసినట్ల" అంది. చందన ఆవిడ మొహంలోకి తేరిపార చూసింది. "నేను బెంగళూరులో ఇది అర్థం జేసుకునేకి ఆర్నెల్లు పట్టింది" అంది.

ఆ గుడ్లు ఆవగింజంత ఉంటాయి, పైన నలుపు, కింద తెలుపు. ఫలదీకరణం అయిన గంటన్నరకు ఒక కణం రెండవుతుంది. అవి మళ్ళీ చీలకముందే, వెంట్రుక కంటే సన్నని గాజు సూదితో మందు ఎక్కించాలి. రెండు కణాల్లో ఒక్కదానికే ఎక్కిస్తే పిల్ల ఒళ్ళు సగం మారుతుంది, సగం మామూలుగా ఉంటుంది. ఎక్కడ తేడా వచ్చిందో పక్కపక్కనే చూసుకోవచ్చు. ఈ పని చేసే కుర్రవాడు వేరే ఉద్యోగం దొరికి వెళ్ళిపోయాడు. చందన చేస్తే పదిలో నాలుగు గుడ్లు పగిలేవి. గుమ్మం దగ్గర చీపురు పట్టుకుని చూస్తున్న శ్రీశైలమ్మ ఉండబట్టలేక, "పక్కకు జరుగు తల్లీ, సెయ్యి వణుకుతాంటే గుడ్డు ఊరుకుంటాదా?" అని మైక్రోస్కోపు ముందు కూర్చుంది. ఇరవై గుడ్లకు ఎక్కించింది. ఒక్కటి పగల్లేదు. వారం తిరిగేసరికి చీపురు వేరే వాళ్ళ చేతికి పోయింది, సూది ఈవిడ చేతికి వచ్చింది.

సెప్టెంబరులో చంద్రగ్రహణం వచ్చింది. ఆ ఆదివారం మధ్యాహ్నం పని ముగించి ఇంటికి బయల్దేరుతూ శ్రీశైలమ్మ గిన్నెల్లో ఈదబోయే పిల్లల వైపు చూసి ఆగిపోయింది. ఇంకా రూపు కట్టని పిల్లలు. తల్లి కడుపులో ఉన్నట్టే కదా? సంచిలోంచి దర్భలు తీసింది, ఇంట్లో నీళ్ళ కుండ మీద వేద్దామని గుడి దగ్గర కొన్నవి. ఒక్కో గిన్నెలో ఒక్కో పరక వేసి, అల్మారాలో పెట్టి తలుపేసి వెళ్ళింది. సోమవారం చూస్తే నీళ్ళు మురిగిపోయాయి. అరవై పిల్లలూ చచ్చి తేలాయి.

చందన కోపంతో ఎర్రబడింది. "ఏందక్కా ఇది? గడ్డి మీద ఎన్ని పురుగులుంటాయి, ఎన్ని మందులుంటాయి!" ఇంకా ఏదో అనబోయి, శ్రీశైలమ్మ మొహం చూసి ఆగింది. ఆవిడ ఏడుస్తోంది. ఏడుస్తూనే చెప్పింది, ఆగస్టు గ్రహణం, పోగు, అత్త మాట, కొడుకు పెదవి, వీధి జాలి. "నా బిడ్డను నేనే కొరికినా చందనమ్మా. వీటినైనా కాపాడదామనుకున్నా" అంది.

చందన కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. "అప్పుడు నీకెన్నో నెల?"

"అయిదు."

"పెదవి అతుక్కునేది రెండో నెలలో అక్కా. ముఖానికి ఆ పక్కా ఈ పక్కా నుంచి ముక్కలు వచ్చి నడుమ కల్సుకోవల్ల. నీ గ్రహణం వచ్చేతలికి ఆ పని అయిపోయి మూడు నెల్లు. నువ్వు పోగు కొరికినా మోకు కొరికినా ఒకటే."

శ్రీశైలమ్మ నమ్మలేదు. నమ్మాలని ఉంది, నమ్మలేదు. చదువుకున్న పిల్ల ఓదార్చడానికి చెబుతోందనుకుంది. అలాంటి ఓదార్పులు ఆపరేషన్ల ఊళ్ళలో చాలా విని ఉంది. ఆవిడకు కావలసింది ఓదార్పు కాదు, రుజువు. వీధిలో నిలబడి చూపించగలిగిన రుజువు.

చందన ముగ్గురి నెత్తురూ అడిగింది, తల్లిదీ తండ్రిదీ కొడుకుదీ. సిద్ధప్ప రెండు వారాలు నాన్చి, చివరికి పెళ్ళాం పోరు పడలేక ఇచ్చాడు. డిసెంబరులో ఫలితం వచ్చింది. ఈరేష్‌లో ఒక జన్యువులో ఒక్క అక్షరం తేడా ఉంది. అది ఎవరి వైపు నుంచి వచ్చిందో చందన వెంటనే చెప్పలేదు. "ఆ జన్యువు ముఖానికి పని సేస్తాదో లేదో తెలీకుండా ఎవరి మీదా ఎయ్యకూడదు. ముందు కప్పల్లో సూద్దాం" అంది.

సంక్రాంతి సెలవులు కూడా తీసుకోకుండా ఆ సూదులన్నీ శ్రీశైలమ్మే ఎక్కించింది. రెండు మందులు కలిపి పంపారు, ఒకటి ఆ జన్యువుకు, ఒకటి ఒంటి నలుపుకు. మందు పని చేసిన వైపు నలుపు పోయి పాలిపోతుంది, గుర్తు కోసం. మరో గుంపుకు అదే సూది, అదే నీళ్ళు, నలుపుది మాత్రమే వేసి, ముఖం జన్యువుది వేయలేదు. "సూది పోటుకే ముఖం చెడిందేమో అనే అనుమానం ఉండకూడదు గదా" అంది చందన. అదీ న్యాయమంటే, అనుకుంది శ్రీశైలమ్మ. తన మీద నేరం మోపేటప్పుడు ఇలా ఎవరైనా పక్కన పెట్టి చూశారా?

అయిదో రోజు మైక్రోస్కోపులో చూసింది. నలుపు మందు ఒక్కటే పడిన పిల్లలు ఒక పక్క నల్లగా, ఒక పక్క తెల్లగా, నోరు మాత్రం చక్కగా గుండ్రంగా ఉన్నాయి. రెండు మందులూ పడిన గుంపులో నల్ల వైపు ముఖం నిండుగా ఉంది. తెల్ల వైపు నోటి అంచు నడిమికి రాక అక్కడే ఆగిపోయింది. నలభైలో ముప్పై మూడు పిల్లలకు అంతే. ఆవిడ ఒక్కోదాన్నీ రెండు సార్లు లెక్కపెట్టింది. ఏ గ్రహణమూ లేదు, ఎవరూ పోగు కొరకలేదు. శ్రీశైలమ్మ గుండె ఎంత తేలికైందంటే, ఆ రోజు బస్సులో పరిచయం లేని ఆడమనిషికి కూడా చెప్పేసింది, "నా తప్పు కాదంట తల్లీ" అని.

ఫిబ్రవరిలో చందన ముగ్గురినీ కేంద్రానికి పిలిపించింది. ట్రస్టు డాక్టరు కూడా కూర్చున్నాడు. "ఇది ఒక్కటే కారణమని నేను ఖాయంగా సెప్పలేను, తోడు ఇంకేమన్నా ఉండొచ్చు. కానీ ఈ తేడా ముఖం అతుక్కునేది చెడగొడతాదని కప్పల్లో సూసినాం. ఈరేష్‌కు అది నాయన వైపు నుంచి వచ్చింది" అంది. "సిద్ధప్పన్నా, కొంతమందిలో ఇది దాక్కుని ఉంటాది, బయటికి కనపడదు. మీ వైపు ఎవరికైనా పెదవి ఇట్ల ఉండెనా? చిన్నప్పుడే పోయిన పిల్లలైనా సరే."

సిద్ధప్ప నేల చూస్తూ, "లేరమ్మా, మా వంశంలో ఎవరూ లేరు" అన్నాడు. ఈరేష్ ఫోను చూసుకుంటున్నాడు. చందన కాగితం మీద వంశవృక్షంలా మగవాళ్ళకు చతురస్రాలు, ఆడవాళ్ళకు సున్నాలు గీసి, సిద్ధప్ప వైపు అన్నీ ఖాళీగా వదిలేసింది.

శ్రీశైలమ్మ ఊరుకుని ఉంటే ఊరుకునేదే. కానీ పోగు యాడ తెగిందో వెతక్కుండా వదిలే మనిషి కాదు ఆవిడ. తర్వాతి ఆదివారం గోనెగండ్ల వెళ్ళింది. సిద్ధప్ప మేనత్త ఉరుకుందమ్మ అక్కడ ఉంటుంది, ఎనభై దాటాయి, కళ్ళు కనపడవు, జ్ఞాపకం మాత్రం చెక్కుచెదరలేదు. "అత్తా, మన ఇంట్లో ఈరేషు మాదిరి ఇంకెవురన్నా పుట్టినారా?" అని అడిగింది.

"నీకు తెల్దా?" అంది ముసలమ్మ ఆశ్చర్యంగా. "సిద్ధప్పకు చెల్లెలు పుట్టె గదా. వానికి అప్పుడు పదేండ్లు. అచ్చం అట్లనే పెదవి పగిలి పుట్టె. తల్లి రొమ్ము పట్టల్యా. పిల్లోడే ఒళ్ళో పెట్టుకుని దూది వత్తితో పాలు పోసేటోడు. ఇరవై దినాలు బతికె. అది పోతే వాడు రెండు దినాలు అన్నం ముట్టల్యా. ఉచ్చీరి ఎవరికీ సెప్పొద్దని మా అందరితో ఒట్టు పెట్టించుకుంది. గ్రహణమా? ఏ గ్రహణమూ ల్యా అప్పుడు."

గోనెగండ్ల నుంచి ఎమ్మిగనూరు ఎంత దూరమని! ఆ కాస్త దూరం ఆటోలో శ్రీశైలమ్మకు ఒళ్ళంతా మండిపోయింది. ఈరేష్ పుట్టినప్పుడు పాలు ముక్కులోంచి వచ్చేవి, బతకడన్నారందరూ. అప్పుడు సిద్ధప్పే బిడ్డ తల ఎత్తిపట్టి, దూది వత్తిని బుగ్గ పక్కన పెట్టి చుక్క చుక్కా పోశాడు. ఎవరు నేర్పారని అడిగితే "యాడనో సూసినా" అన్నాడు. 'నా మొగుడు తండ్రి కాదు, తల్లి' అని ఆవిడ వీధంతా చెప్పుకుని మురిసింది. ఆ మురిపెం తలుచుకుంటే ఇప్పుడు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఇంటికి వచ్చేసరికి ఆయన మగ్గం గుంటలో ఉన్నాడు. చెప్పులు కూడా విడవకుండా ఎదురుగా నిలబడింది.

"నీకొక చెల్లెలు ఉండెనంట గదా."

మగ్గం ఆగింది. "ఎవరు సెప్పినారు?" అన్నాడు. లేదనలేదు. ఎవరు చెప్పారనే అడిగాడు.

"నీకు తెల్సు. నన్ను అందరూ అంటాంటే నీకు తెల్సు."

"మాయమ్మ తల మీద సెయ్యి పెట్టించుకుంది మే. తల్లి మాట ఎట్ల దాటేది?"

"మీయమ్మ పోయి నాలుగేండ్లాయె గదా!"

"పోయినామె మీద యాల నింద ఇప్పుడు?"

"బతికుండేదాని మీద ఎయ్యొచ్చునా?" అంది శ్రీశైలమ్మ. "కొట్టే మొగుడు, తాగే మొగుడు ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. నువ్వు మంచోనివని నమ్మితి గదప్పా. పోనీలే పోనీలే అంటాంటే నా బాధ సూడల్యాక అంటాండావనుకుంటి. నీ గుట్టు బయట పడకూడదని అంటివా?"

ఆయన మగ్గం మీదికే చూస్తూ, "తప్పు జరిగిపాయ" అన్నాడు. ఆవిడ ఒక్కటే అడిగింది. వీధిలో ఒక్కసారి, నోరు తెరిచి, నా పెళ్ళాం తప్పు కాదు, మా ఇంట్లో ముందే ఉండెనని చెప్పమంది. "సెప్తాలే మే, సమయం రానీ" అన్నాడు సిద్ధప్ప.

సమయం రావడానికి పది రోజులే పట్టింది. మార్చి మొదట్లో మళ్ళీ చంద్రగ్రహణం. ఈసారి సాయంత్రమే, చంద్రుడు గ్రహణంతోనే పొడిచాడు. పక్కింటి లక్ష్మమ్మ కోడలు శోభకు ఆరో నెల. ఉక్కగా ఉందని ఆ పిల్ల గుమ్మంలోకి రాబోతే లక్ష్మమ్మ కేకేసింది: "లోపలికి పో తల్లీ, ఒళ్ళు కదిలించొద్దు. పక్కింట్లో సూస్తాండావు గదా, శ్రీశైలమ్మ సేసుకున్నది."

శ్రీశైలమ్మ గడపలో ఉంది. సిద్ధప్ప అరుగు మీద ఉన్నాడు. విన్నాడు, బాగానే విన్నాడు. ఆవిడ ఆయన వైపు చూసింది. అడగలేదు, చూసింది, అంతే. ఆయన చాప కొస గిల్లుతూ కాసేపు కూర్చుని, "గ్రహణం విడుస్తానే స్నానం సెయ్యల్ల, నీళ్ళు తోడుకుంటా" అని లేచి లోపలికి పోయాడు.

అప్పుడే ఈరేష్ ఆదోని నుంచి వచ్చి బండి స్టాండు వేస్తున్నాడు. శ్రీశైలమ్మ వాడి చెయ్యి పట్టుకుంది. "మీ నాయన సెప్పడు. నువ్వన్నా సెప్పరా నాయనా. నాయనకు ఒక చెల్లెలు ఉండె. నీ మాదిరే పుట్టి పోయినాదంట. నా తప్పు కాదని ఆ లక్ష్మమ్మకు సెప్పు."

వాడు ఉలిక్కిపడలేదు. హెల్మెట్టు తీసి బండి అద్దానికి తగిలించాడు.

"తెల్సు లేమా" అన్నాడు. "అవ్వ పోయేముందే నాకు సెప్పింది. నీకు సెప్పొద్దనింది. సెప్తే నాయనతో కొట్లాడతావని, నీకే బాధ అయితాదని నేనూ ఊరుకుంటి."

శ్రీశైలమ్మ చెయ్యి వదిలేసింది. రెండేళ్ళ కింద వాడు ఫోటో దిగనని అద్దం ముందు మొరాయిస్తే తను బతిమాలింది. "నువ్వు సేసిన దానికే గదా ఈ మొగం" అని వాడు విసురుగా అన్నాడు. ఆ రాత్రి ఆవిడ అన్నం తినలేదు. ఆ మాట అనేటప్పటికి వాడికి తెలుసు. తెలిసే అన్నాడు.

"ఆపరేషను అయినాంక నీకు మాట రాకుంటే అద్దం ముందర కూసోబెట్టి ప, బ, మ నేను నేర్పినా రా నీకు" అంది. "నోరు లేని కప్పపిల్లలు సెప్పినాయి నాకు. మీరు సెప్పల్యా."

"ఇప్పుడు అరవొద్దు మా, అందరూ సూస్తాండారు" అన్నాడు ఈరేష్.

ఆవిడ అరవలేదు. కొంగు బిగించి, గ్రహణం నడుస్తుండగానే వీధిలోకి దిగి, లక్ష్మమ్మ గుమ్మం ముందు నిలబడి మొత్తం చెప్పింది. చెల్లెలు, దూది వత్తి, ఒట్టు, నెత్తురు పరీక్ష, ఒక్కటి వదల్లేదు. శోభ లోపల్నుంచి లేచి కూర్చుని వింది. నాలుగిళ్ళ ఆడవాళ్ళు తలుపులు ఓరగా తీశారు. లక్ష్మమ్మ నోరు వెళ్ళబెట్టి అంతా విన్నది. విని, శ్రీశైలమ్మ భుజం మీదుగా తల వంచి, అవతల బండి దగ్గర నిలబడ్డ ఈరేష్‌ను, అప్పుడే తువ్వాలుతో గుమ్మంలోకి వచ్చిన సిద్ధప్పను చూసింది.

"ఏమప్పా సిద్ధప్పా, నిజమేనా?" అని అడిగింది.

శ్రీశైలమ్మ వెనక్కి తిరగలేదు.

"వాళ్ళను అడగొద్దు లక్ష్మమ్మా" అంది. "వాళ్ళకు తెల్సి ఏండ్లయింది. నన్నడుగు. నాకు తెల్సి పది దినాలే."